మీదికి చూడు బిడ్డా: చలికాలంలో మన గుట్టల మీద తొలిపూలు వెతికే పద్ధతి

జనవరి ఆఖరు వారం. రాచకొండ గుట్టల్లో పొద్దున్నే బండల మధ్య వంగి వంగి నడుస్తున్నాను. కళ్లు నేల మీదే ఉన్నాయి. రెండు గంటలు తిరిగితే దొరికినవి నాలుగు గడ్డిచేమంతులు, ఒక చిప్స్ ప్యాకెట్. ఆ ప్యాకెట్‌ని దూరం నుంచి చూసి పసుపు పువ్వనుకుని, ముళ్లకంప తప్పించుకుంటూ మరీ వెళ్లాను. మేకలు కాస్తున్న ఒక పెద్దాయన చాలాసేపటి నుంచి నన్నే గమనిస్తున్నాడు.

“ఏం పోగొట్టుకున్నవ్ బిడ్డా?”

“ఏం లేదు తాతా, అడవిపూలు ఏమన్నా ఉన్నాయేమోనని చూస్తున్నా.”

“ఈ దినాలల్ల కింద యాడుంటయ్? మీదికి చూడు.”

చూశాను. నేను నిలబడ్డ చోటికి యాభై అడుగుల దూరంలో, ఒక్క ఆకు కూడా లేని వంకర మోదుగ చెట్టు. కొమ్మల నిండా నల్లటి మొగ్గలు, చివర్న అప్పుడే విచ్చుకున్న ఏడెనిమిది నారింజ పూలు. ఆ చెట్టు కిందనుంచే నేను రెండుసార్లు నడిచాను.

ఇంగ్లీషులో వచ్చే హైకింగ్ వ్యాసాలు చదివి బయల్దేరితే ఇలాగే అవుతుంది. మంచు కురిసే దేశాల్లో తొలిపూలు నేలలోంచి వస్తాయి. చెట్లకి ఇంకా ఆకు రాదు కాబట్టి ఎండ నేల దాకా పడుతుంది, ఆ కొద్ది వారాల్లోనే చిన్న మొక్కలు పూసేసి పని ముగించుకుంటాయి. మన దగ్గర సంగతి వేరు. జనవరికి నేల ఎండిపోతుంది, పూల సందడంతా కొమ్మల మీద మొదలవుతుంది. ఈ ఒక్క తేడా పట్టుకుంటే మిగతాదంతా అలవాటు మీద వచ్చేస్తుంది.

1. ముందు నీళ్ల లెక్క తెలుసుకోండి

తెలంగాణకీ ఉత్తరాంధ్రకీ వాన ఎక్కువగా జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడుతుంది. అక్టోబరు మధ్యకల్లా నైరుతి వెళ్లిపోతుంది. గుట్టల మీద మన్ను లోతు తక్కువ, కింద రాయి. కాబట్టి డిసెంబరుకే గడ్డి పసుపెక్కి, వానాకాలపు చిన్న మొక్కలు గింజ రాల్చి ఎండిపోతాయి. అక్కడక్కడ మిగిలేవి వాగు ఒడ్డున, బండ నీడన ఉండేవే.

చెట్ల లెక్క వేరు. వేళ్లు లోతుగా ఉంటాయి గానీ ఆకు ఉంటే నీళ్లు ఖర్చు. అందుకే ఆకు రాల్చేస్తాయి. ఆకు లేని కొమ్మ మీద పూస్తే పిట్టలకీ తేనెటీగలకీ మైలు దూరం నుంచి కనబడుతుంది, అడ్డం ఉండదు. పైగా ఇప్పుడు పూస్తే ఏప్రిల్, మే నెలల వేడిగాలికి గింజలు ఎగిరే వేళకు కాయ సిద్ధమవుతుంది. జూన్ తొలకరికి గింజ నేల మీద ఉంటుంది. మోదుగ, బూరుగ, కొండగోగు మూడూ ఇదే పద్ధతి.

చిత్తూరు, తిరుపతి, నెల్లూరు వైపు వాళ్లకి మాత్రం ఇంకో సౌకర్యం ఉంది. అక్కడ ఈశాన్య రుతుపవనం వల్ల నవంబరు, డిసెంబరుల్లో కూడా వానలు పడతాయి. జనవరిలో తలకోన దారిలో, అలిపిరి మెట్ల పక్కన, నేల మీద ఇంకా పచ్చదనం ఉంటుంది. హైదరాబాదు చుట్టూ నవంబరులోనే అయిపోయిన పూలు అక్కడ సంక్రాంతికి కూడా దొరకొచ్చు. మనలో చాలామంది చేసిన మొట్టమొదటి హైక్ అలిపిరి నడకదారే కదా. ఈసారి మెట్లు లెక్కపెట్టడం మానేసి పక్కలకి చూడండి.

2. వారం ఎంచుకోవడం

క్యాలెండరు కన్నా మామిడి చెట్టుని నమ్ముకోవడం మేలు. మీ వీధిలో మామిడి పూత బాగా కనబడిందంటే గుట్టల మీద పని మొదలైందని నా లెక్క. ఏటేటా వారం పది రోజులు అటూ ఇటూ అవుతుంది గానీ వరస ఇంచుమించు ఇలా ఉంటుంది.

డిసెంబరు నుంచి సంక్రాంతి దాకా నేల పూల ఆఖరి రోజులు. గొబ్బి పూలు (వీటినే చాలాచోట్ల డిసెంబరు పూలంటారు), ముళ్లగోరింట, రణభేరి, తుమ్మి, ఎండు గడ్డిలో తెల్లగా నిలబడ్డ గునుగు. తెలంగాణలో సంక్రాంతి గొబ్బెమ్మల మీద గునుగు, పిండికూర పెట్టే అలవాటు ఊరికే రాలేదు, ఆ రోజుల్లో చేనుగట్ల మీద దొరికేవి అవే.

సంక్రాంతి నుంచి రథసప్తమి దాకా కాస్త బోసిగా ఉంటుంది. చాలామంది ఈ మధ్యలో వెళ్లి ఏమీ లేదని తిరిగొస్తారు. నిజానికి మొగ్గలు చూడాల్సింది ఇప్పుడే. మోదుగ మొగ్గలు కొమ్మ పొడవునా నల్లపూసల్లా కట్టుకుని ఉంటాయి. బూరుగ మొగ్గలు కొమ్మ చివర గుండ్రంగా, గోలీల్లా ఉంటాయి. అడ్డసరం అప్పటికే పూస్తూ ఉంటుంది.

రథసప్తమి నుంచి శివరాత్రి దాకా అసలు పండగ. బూరుగ, మోదుగ నిండుగా ఉంటాయి, కొండగోగు మొదలవుతుంది. “శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది” అంటారు కదా, అంతకు ముందు రెండు వారాలు నడకకి కూడా హాయి.

ఫాల్గుణం వచ్చాక మోదుగ ఇంకా ఉంటుంది. హోలీకి ఆ పూలతోనే రంగు కాచేవాళ్లు. కానీ పది గంటలకే ఎండ మాడ్చేస్తుంది. ఇప్ప పూత కూడా మార్చిలో మొదలవుతుంది, దాంతోపాటు ఎలుగుబంట్ల సమస్య కూడా. దాని సంగతి తర్వాత.

అన్నట్టు అరకులో నవంబరు, డిసెంబరుల్లో కొండవాలు నిండా కనబడే పసుపు పూలు అడవిపూలు కావు. అవి వలిసెలు, నూనెగింజల పంట. ఫోటోల కోసం చేలో దిగి తొక్కేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. గట్టు మీద నిలబడి చూసినా అంతే అందంగా ఉంటాయి.

3. గుట్ట ఎంచుకోవడం

ఒకే గుట్టకి రెండు ముఖాలు. చలికాలంలో సూర్యుడు దక్షిణం వైపు వాలి నడుస్తాడు. కాబట్టి దక్షిణపు వాలు ముందు ఎండుతుంది, ఉత్తరపు వాలులో తేమ ఇంకొన్ని వారాలు నిలుస్తుంది. దీన్నుంచి రెండు సూత్రాలు. ఆకు రాల్చిన చెట్ల పూలు కావాలంటే దక్షిణం వైపు రాతి వాలు ఎక్కండి. చిన్న మొక్కల పూలు కావాలంటే ఉత్తరం వైపు దిగండి, లేదా వాగు పట్టుకుని నడవండి. ఫోన్లో దిక్సూచి ఉంటుంది, బయల్దేరే ముందు ఒకసారి చూసుకుంటే చాలు.

హైదరాబాదు నుంచి ఒక పూటలో అయ్యేవి రెండు చెప్తాను. రాచకొండ పూర్తిగా బండరాళ్లు, ముళ్లపొదలు, మధ్యమధ్య మోదుగలు. చెట్లు విడివిడిగా ఉంటాయి కాబట్టి కొత్తవాళ్లకి మంచి బడి. వికారాబాద్ దగ్గర అనంతగిరి, మూసీ పుట్టే కొండ, అడవి కాస్త దట్టం. అక్కడ నీడ ఎక్కువ, వాగు పక్కన చిన్న పూలు ఎక్కువ, కానీ చెట్టు పైన ఏం పూసిందో కనుక్కోవడానికి మెడ నొప్పెడుతుంది.

నల్లమల సంగతి వేరే. ఏటా శివరాత్రికి వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా శ్రీశైలం దాకా వేలమంది కాలినడకన వెళ్తారు. అది భక్తుల దారి, కానీ పూలు చూసేవాళ్లకి దానికన్నా మంచి దారి నాకు తెలీదు. అదే సమయానికి అడవి ఎర్రగా ఉంటుంది, దారి పొడవునా మనుషులు ఉంటారు కాబట్టి ఒంటరిగా అడవిలో ఉన్నామన్న టెన్షన్ ఉండదు. మిగతా రోజుల్లో అది పులుల అభయారణ్యం. అనుమతి లేకుండా దారి దిగి లోపలికి వెళ్లకూడదు. హైదరాబాదు-శ్రీశైలం రోడ్డు మీద మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసే ఉంటుంది, ఆ లెక్క చూసుకుని బయల్దేరండి.

4. సంచిలో

ఎక్కువ అక్కర్లేదు. రెండు లీటర్ల నీళ్లు, టోపీ, నిండు చేతుల చొక్కా, మందపాటి ప్యాంటు, చిన్న నోటు పుస్తకం, పెన్సిల్. బంగారం షాపుల వాళ్లు కంటికి పెట్టుకునే పది రెట్ల భూతద్దం ఒకటి కొనుక్కోండి. బైనాక్యులర్ ఉంటే చాలా మంచిది, ఎందుకో పైనే చెప్పాను. సెల్లోటేపు ఒక చుట్ట వేసుకోండి, అది ఎందుకో కింద చెప్తాను.

సెంటు పూసుకోవద్దు. ఇది నాజూకు సలహా కాదు, ప్రాణాలకి సంబంధించింది.

5. ఏడు నుంచి తొమ్మిది దాకా తల పైకి

పొద్దున్నే చేరుకోవడానికి కారణం చల్లదనం ఒక్కటే కాదు. ఆ రెండు గంటలు పిట్టలు పూల మీద ఉంటాయి. ముందు ఆగి చెవులు పెట్టండి. గోరింకలు గుంపుగా ఒక చెట్టు మీద గోల చేస్తున్నాయంటే, తేనెపిట్టలు సన్నగా కీచుమంటూ అటూ ఇటూ ఎగురుతున్నాయంటే, అక్కడ పువ్వుంది. కంటికి కనబడక ముందే చెవికి దొరికిన చెట్లు నా నోటు పుస్తకంలో చాలానే ఉన్నాయి.

తర్వాత కింద చూడండి. అవును, పైకి చూడమన్నాను, కానీ దారి మీద రాలిన పువ్వు పైన ఏముందో చెప్పే చీటీ లాంటిది. బూరుగ పువ్వు రాలితే చప్పుడే వినబడుతుంది. ఒకసారి నా టోపీ మీద పడింది, ఎవరో తడిగుడ్డ విసిరారనుకున్నాను.

రాలిన బూరుగ పువ్వు దొరికితే కూర్చుని చూడండి, పది నిమిషాలు పడుతుంది. అయిదు ఎర్ర రేకులు, ఒక్కొక్కటి వేలంత పొడవు, తోలులా మందంగా ఉంటాయి. గోటితో నొక్కితే నీళ్లూరతాయి. మధ్యలో డజన్ల కొద్దీ కేసరాలు కట్టలు కట్టలుగా నిలబడి ఉంటాయి, చివర్లు నల్లగా. అడుగున ఆకుపచ్చటి గట్టి గిన్నె, తేనె ఊరేది దాని దగ్గరే. అంత బరువైన గిన్నె ఎందుకంటే, దాని మీద వాలేది సీతాకోకచిలుక కాదు, కాకి. తేనె కోసం ముక్కు లోపల పెట్టినప్పుడు మొహమంతా పుప్పొడి అంటుకుంటుంది, అది ఇంకో పువ్వుకి చేరుతుంది. రాలాక కూడా వృథా కాదు, జింకలు ఏరుకు తింటాయి. చెట్టుని గుర్తుపట్టడానికి మొదలు చూడండి. లేత చెట్టయితే మొదలంతా శంఖాకారపు లావాటి ముళ్లు. ముదిరిన చెట్టుకి కింద ముళ్లు అరిగిపోయి, పై కొమ్మలకే ఉంటాయి.

మోదుగ గుర్తుపట్టడం ఇంకా తేలిక. ఎక్కడికి పోయినా మోదుగకు మూడే ఆకులు. ఆకు లేనప్పుడు ఆ వంకర కొమ్మలు, వాటి మీద ముదురు గోధుమరంగు మఖమల్ తొడిమల్లోంచి వచ్చే నారింజ పూలు. ఒక్క పువ్వుని పక్కనుంచి చూస్తే రామచిలక ముక్కే. వాసన ఏమీ ఉండదు, ముక్కు పెట్టి నిరాశపడకండి. పిట్టలకి వాసనతో పనిలేదు, రంగు చాలు. పాత చెట్టు కింద వెతికితే నిరుటి కాయలు దొరకొచ్చు. పల్చటి బద్దలాంటి కాయకి కొసన ఒకే ఒక గింజ ఉంటుంది. మిగతాదంతా గాలికి ఎగరడానికి రెక్క.

కొండగోగు నాకు అన్నిటికన్నా ఇష్టం. మన్ను పిడికెడు కూడా లేని బండ చీలికలో నిలబడి, ఒక్క ఆకు లేకుండా, కొమ్మ చివర అరచేయంత పసుపు పువ్వు పెడుతుంది. పసుపంటే కోడిగుడ్డు సొన పసుపు. దూరం నుంచి చూసి చాలామంది రేల అంటారు. రేల పూలు గొలుసుల్లా వేలాడతాయి, అవి వచ్చేది ఏప్రిల్ తర్వాత. కొండగోగు పువ్వు ఆకాశం వైపు తెరుచుకుని ఉంటుంది.

దాని పక్కనే తెల్లగా, నున్నగా, రాత్రి చూస్తే దడుచుకునే చెట్టు కనబడితే అది తపసి. కాగితంలా పొరలు ఊడే బెరడు. దాని పూలు చిన్నవి, ఆకుపచ్చ కలిసిన పసుపు గుత్తులు, ఎవరూ పట్టించుకోరు. బైనాక్యులర్ తెచ్చుకున్నందుకు ఇక్కడ పని దొరుకుతుంది. మొదలుకి గాట్లు కనబడితే అవి బంక తీసినవి. నల్లమలలో, మన్యంలో తపసి బంక ఏరడం ఎన్నో కుటుంబాల బతుకుతెరువు.

గుమ్మడి టేకు ఉంటే ఫిబ్రవరి చివర్లో దారి మీద గోధుమ-పసుపు పూలు పరుచుకుని ఉంటాయి. అంతకు మించి చెప్పేది లేదు, తొక్కకుండా దాటండి.

6. తొమ్మిది తర్వాత తల కిందికి

చిన్న పూలలో చాలావాటికి ఎండ తగిలితే గానీ విచ్చుకునే బుద్ధి పుట్టదు. తొమ్మిది నుంచి పదకొండు దాకా వాటి టైము. విష్ణుక్రాంత దీనికి మంచి ఉదాహరణ. చొక్కా గుండీ కన్నా చిన్న నీలం పువ్వు, ఎండు గడ్డిలో నేలకి అంటుకుని ఉంటుంది. మధ్యాహ్నం దాటితే ముడుచుకుపోతుంది. పొద్దున ఆరింటికి దాని పక్కనుంచే నడిచి వెళ్లి, సాయంత్రం అదే దారిన తిరిగొచ్చినవాడికి అది లేనట్టే లెక్క.

నడక పద్ధతి మార్చండి. వంద అడుగులు నడవడం, ఆగడం, మోకాళ్ల మీద కూర్చుని చుట్టూ రెండు గజాలు చూడటం. నిలబడి చూస్తే ఒకటి కనబడే చోట కూర్చుంటే అయిదు కనబడతాయి. మొదటి చోటు వాగు ఒడ్డు, రెండోది పెద్ద బండకి ఉత్తరం వైపు నీడ, మూడోది బండ మీద నీరు ఊరి జారే తడి జాగా. ఈ మూడోదాన్ని వదలొద్దు. అక్కడ ఎర్రటి చిన్న ఆకులు, ఆకు మీద మంచు బిందువుల్లాంటి జిగురు చుక్కలు కనబడితే మీ పంట పండినట్టే. అది డ్రోసెరా, పురుగుల్ని పట్టి తినే మొక్క. రూపాయి బిళ్లంత మొక్క, దారప్పోగులాంటి కాడ మీద చిన్న పువ్వు. భూతద్దం ఇక్కడే తీయాలి. ఆ జాగాలో కాలు పెట్టొద్దు, బండ మీది ఆ పల్చటి మన్ను ఒక్క బూటు అడుగుకి లేచిపోతుంది.

అడ్డసరం పొదలుగా ఉంటుంది, మేకలు ముట్టవు, అందుకే ఊరి దగ్గరి గుట్టల్లో కూడా మిగిలింది. తెల్లటి పువ్వు, రెండు పెదవులు తెరిచినట్టు ఉంటుంది. కింది పెదవి మీద ఊదా రంగు గీతలు చూడండి. తేనెటీగకి ‘ఇటు రా’ అని గీసిన దారి అది.

ముళ్లగోరింట నారింజ కలిసిన పసుపు, ఆకు మొదట్లో సూదిముళ్లు. రణభేరి మనిషెత్తు నిలువు కాడ, దానికి అంతస్తులు అంతస్తులుగా ముళ్ల బంతులు, ఆ బంతుల్లోంచి నారింజ పూలు. నేలవాకుడు నేల మీద పరుచుకుని ఉంటుంది, ఊదా నక్షత్రం మధ్య పసుపు. ఆకు మీద కూడా ముళ్లే, చేత్తో తడమకండి. గడ్డిచేమంతి ఎక్కడైనా ఉంటుంది. చిన్నప్పుడు మోకాలు చెక్కుకుపోతే దాని ఆకు నలిపి పసరు పిండేవాళ్లం, మా వైపు నల్లారం అంటారు, కోస్తాలో గాయపాకు. ఇంత మన మొక్కలా ఉంటుంది గానీ అది అమెరికా ఖండం నుంచి వచ్చింది. పులికంప (లాంటానా) కూడా అంతే. కాకపోతే గడ్డిచేమంతి వచ్చి ఓ మూల కూర్చుంది, పులికంప వచ్చి ఇల్లంతా ఆక్రమించింది.

7. పువ్వు కాని పూలు

కొత్తల్లో సగం సమయం వీటి వెంట పోతుంది. ఫిబ్రవరి, మార్చిల్లో పుసుగు చెట్టు చిగురు ఎర్రగా వస్తుంది, దూరానికి చెట్టంతా పూసినట్టే. రావి లేత చిగురు రాగిరంగులో మెరుస్తుంది. పొదల్లో ఎండిన కాయలు విచ్చుకుని ఎరుపు-నలుపు గింజలు కనబడితే అవి గురివింద, అందంగా ఉన్నాయి కదా అని పిల్లల చేతికి ఇవ్వకండి, ఆ గింజ కొరికితే విషం. పాత కోటల దగ్గర కాగితప్పూలు గోడలెక్కి ఉంటాయి, అవి ఎవరో నాటినవి. ఇక చిప్స్ ప్యాకెట్ గురించి చెప్పాను కదా.

8. దొరికిన పువ్వుని ఫోటో తీయడం

అందమైన ఫోటో వేరు, పనికొచ్చే ఫోటో వేరు. నేను మొదటి ఏడాది తీసినవన్నీ పువ్వు మొహం ఒక్కటే, వెనకంతా మసక. ఇంటికొచ్చి పేరు కనుక్కోబోతే ఒక్కటీ పనికిరాలేదు. ఇప్పుడు ఒక్కో మొక్కకి అయిదు తీస్తాను. పువ్వు ఎదురుగా. పువ్వు పక్కనుంచి, తొడిమతో సహా. ఆకు కాడకి ఎలా అతుక్కుందో, జంటగా ఎదురెదురుగానా, ఒకటి విడిచి ఒకటా. కాడ లేదా బెరడు. ఆఖర్న నాలుగడుగులు వెనక్కి వేసి మొక్క మొత్తం, అది ఉన్న చోటుతో సహా. కొలత కోసం పక్కన పెన్సిల్ పెట్టండి.

పువ్వు కోయకండి. రాలినదాన్ని చూసి అక్కడే వదిలేయండి. అభయారణ్యాల్లో మొక్కల్ని పెరకడం, తెంపడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. చట్టం సంగతి పక్కన పెట్టినా, జనవరిలో ఒక వాగు ఒడ్డున ఆరు మొక్కలు మిగిలి ఉంటే అందులో ఒకటి తెంపడం అంటే ఎంతో మీరే లెక్క వేసుకోండి.

9. పేరు కనుక్కోవడం

ఫోన్లో గూగుల్ లెన్స్ ఉంటే చాలనుకుంటాం. ఒక యాప్ నా కొండగోగుని వరసగా మూడుసార్లు మూడు తోట మొక్కల పేర్లతో పిలిచింది. ఆకు లేని చెట్టు, దూరం నుంచి తీసిన పసుపు మచ్చ, పాపం అది మాత్రం ఏం చేస్తుంది. యాప్ చెప్పిన పేరుని అనుమానితుడి పేరులా తీసుకోండి. ఆ మొక్క మన ప్రాంతంలో ఉంటుందా, ఈ నెలలో పూస్తుందా, ఆకు సరిపోతుందా అని మూడు ప్రశ్నలు వేసి గానీ ఒప్పుకోవద్దు. మొక్కలు, జీవాల ఫోటోలు పెట్టే ఐనాచురలిస్ట్ అనే సైటులో పెడితే మొక్కలు తెలిసిన మనుషులు చూసి సరిచేస్తారు, అది మేలు.

అన్నిటికన్నా ముందు అక్కడి మనుషుల్ని అడగండి. మేకల కాపరులు, నల్లమలలో చెంచులు, బంక ఏరేవాళ్లు. వాళ్లు చెప్పిన పేరు విన్నది విన్నట్టు రాసుకోండి, ‘సరిచేసి’ రాయొద్దు. ఈ పని మనకన్నా ముందు చేసినవాడొకడున్నాడు. 18వ శతాబ్దం చివర్లో సామర్లకోటలో పని చేసిన స్కాట్లాండ్ వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ స్థానిక చిత్రకారులతో మొక్కల బొమ్మలు వేయించి, పక్కన తెలుగు పేర్లు రాసుకున్నాడు. సోమిద చెట్టు శాస్త్రీయనామంలో ‘సోయ్మిడా’ అని ఇవాళ్టికీ ఉందంటే అది మన పేరే.

అయితే మన పేర్లలో ఒక చిక్కుంది. ఒకే పేరు రెండు మొక్కలకి ఉంటుంది. చలికాలంలో బ్రహ్మదండి అని ఎవరైనా చూపిస్తే, అది పసుపు పూల బలురక్కసి కావొచ్చు, లేదా నీలం తెలుపు కలిసిన ముళ్లబంతి లాంటి పువ్వున్న మొక్క కావొచ్చు. రెండిటికీ ముళ్లే. తేల్చడానికి పువ్వు చాలు. రాలిన ఆకు ముక్క దొరికితే విరిచి చూడండి, పసుపు పాలు వస్తే బలురక్కసి. దాని గింజలు ఆవాల్లా ఉంటాయి, అవి కలిసిన కల్తీ ఆవనూనె వల్లే 1998లో ఢిల్లీలో జనం ప్రాణాల మీదికి వచ్చింది. అందుకని అడవిలో దేన్నీ నోట్లో పెట్టుకోవద్దు. ‘ఆయుర్వేదంలో వాడతారు’ అని తోటివాళ్లు ధైర్యం చెప్పినా సరే.

10. ఒంటికి జాగ్రత్తలు

దూలగొండితో మొదలుపెడతాను, అది నా సొంత కథ కాబట్టి. ఓ ఫిబ్రవరిలో పొద మీద బంగారు రంగు నూగుతో మెరుస్తున్న కాయలు చూసి, ఇదేం మొగ్గబ్బా అని దగ్గరికి వెళ్లాను. ముట్టుకోలేదు కూడా, గాలికి నూగు మెడ మీద పడింది. నిమిషంలో మెడ, చేతులు, చెవులు భగ్గుమన్నాయి. నేను చేసిన తప్పు గోకడం, గోకితే ఆ నూగు ఇంకా లోపలికి దిగుతుంది. తోడున్న పెద్దాయన పేడ తెస్తానన్నాడు. చివరికి పనికొచ్చింది ఇంకొకరి సంచిలోని సెల్లోటేపు. చర్మం మీద అతికించి పీకడం, మళ్లీ కొత్త ముక్క అతికించడం. ఆ కాయలు ముదిరి ఎండేది సరిగ్గా మనం పూల కోసం తిరిగే రోజుల్లోనే. చింతకాయలా వంపు తిరిగి, నూగుతో ఉన్న కాయ కనబడితే గాలి ఎటు వీస్తోందో చూసి అటు కాకుండా ఇటు నిలబడండి.

రెండోది పెద్ద తేనెటీగలు. కోట గోడల కింద, నిటారు బండలకి, ఎత్తైన బూరుగ కొమ్మలకి నల్లటి పలకల్లా తుట్టెలు కడతాయి. పొగ, ఘాటు వాసనలు, అరుపులు, రాళ్లు వాటికి పడవు. పైన తుట్టె కనబడితే కింద కూర్చుని టిఫిన్ చేయొద్దు, డ్రోన్ అసలే ఎగరేయొద్దు. లేచాయంటే నిలబడి చేతులు ఊపకుండా, మొహం కప్పుకుని దూరంగా పరుగెత్తడమే.

ఎలుగుబంటి ఇప్పపూల కోసం తెల్లవారుజామున చెట్ల కిందికి వస్తుంది. నల్లమలలో, ఆదిలాబాద్ అడవుల్లో మార్చిలో చీకటితో నడవొద్దు. ఎండు గడ్డి ఉన్న చోట నిప్పు వద్దు, ఫిబ్రవరి నుంచి అడవులు అంటుకునే కాలం. గడ్డిలో కూర్చుని వచ్చాక రెండు వారాల్లోపు జ్వరం వస్తే, అడవికి వెళ్లొచ్చానని డాక్టరుకి చెప్పండి. పొదల్లోని చిన్న పురుగుల వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ మామూలు జ్వరంలాగే మొదలవుతుంది.

11. ఇంటికొచ్చాక

అదే రోజు సాయంత్రం రాయండి, రేపటికి వాయిదా వేస్తే మర్చిపోతారు. తేదీ, చోటు, వాలు ఏ దిక్కు, మొగ్గా పువ్వా కాయా, ఆకు ఉందా లేదా, ఏ పిట్ట వాలింది. ఒక చెట్టుని ఎంచుకుని ఏటా అదే చెట్టు దగ్గరికి వెళ్లడం నా అలవాటు. రాచకొండలో ఆ వంకర మోదుగే. దాని తొలి పువ్వు తేదీ ఒక కాలమ్‌లో రాస్తున్నాను. మన దేశంలో సీజన్‌వాచ్ అనే కార్యక్రమం ఉంది, చెట్ల పూత, కాత తేదీలు మామూలు మనుషులే నమోదు చేస్తారు. మీ వీధి మామిడి, బడి ఆవరణలో ఉన్న రేల కూడా దానికి పనికొస్తాయి.

ఆఖరి పని సాక్సులు. వాటి నిండా సూదుల్లాంటి గడ్డి గింజలు, ఉత్తరేణి గింజలు గుచ్చుకుని ఉంటాయి. బాల్కనీలో దులపకండి, ఒక కాగితం మీద ఏరి చెత్తబుట్టలో వేయండి. నిరుడు నేను బాల్కనీలోనే దులిపాను. వానాకాలం వచ్చేసరికి మా తులసి కుండీలో పల్లేరు మొలిచి, పసుపు పువ్వు పెట్టింది. దాని కాయ గుచ్చుకున్నాక గానీ మా అమ్మకి తెలీలేదు. ఆవిడ అన్న మాటలు ఇక్కడ రాయను.